షోకేసులో కూర్చున్న ఇంటర్నెట్టు

అజ్మాన్
ఏప్రిల్ 14, 2006, శుక్రవారం

పర్వీనక్కకు అమీర్ జాన్ సలాం.

అమ్మ మోకాళ్ళ నొప్పి, బావ చిరాకు, నీ టైపు ఇన్‌స్టిట్యూట్ అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయనుకుని నేరుగా విషయానికి వస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు మాట మాటకూ అడ్డం వస్తావు, కార్డు అయిపోతుంది, చివరికి మిగిలేది కోపమే. అందుకే కాగితం పట్టుకున్నాను.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మన నల్లగుట్టపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోకి పెద్ద లైను వచ్చిందనీ, ఊళ్ళోవాళ్ళు సంఘంగా ఏర్పడి అడిగితే సంఘం పేరునే ఇంటర్నెట్టు ఇస్తామన్నారనీ రాశావు. రంజాన్ పండగలోపు ఊళ్ళో వాడకంలోకి రాకపోతే మాత్రం, వెనక వరసలో నిలబడ్డ కేబుల్ ఖాదర్ హుస్సేన్‌కు ఇచ్చేస్తారట. నువ్వు అడిగింది ఒక్కటే. బస్టాండు దగ్గరున్న ఎక్స్ఛేంజి నుంచి ఊరికి ఆ చివరనున్న దూదేకుల వీధికి, నీ ఇన్‌స్టిట్యూట్ దాకా, దాన్ని ఎలా తేవాలి?

అక్కా, నేనిక్కడ తినే తిండి ఆ పనితోనే. హోటళ్ళలో తీగ లేకుండా నెట్టు అందించే డబ్బాలు బిగిస్తాను. షార్జాలో ఒక హోటల్‌వాళ్ళు పాత డబ్బాలు తీసి కొత్తవి పెట్టించారు. పాతవి స్క్రాప్‌కు పోతుంటే మా మేనేజరును, ఇక్కడి మాటలో ముదీర్‌ను అడిగాను. "యల్లా, తీసుకుపో, గోడౌన్ ఖాళీ అవుతుంది" అన్నాడు. మా ముదీర్ నోట అంత మంచి మాట ఈ ఏడేళ్ళలో ఇదే. నీలం రంగు డబ్బాలు, వెనక రెండు కొమ్ములుంటాయి. చూడ్డానికి ఒక్కొక్కటీ పొట్టేలు పిల్లలా ఉంటుంది గాని పని మాత్రం గట్టిగా చేస్తుంది.

సెలవుకు వచ్చే మనవాళ్ళ కార్టన్లలో తలా ఒకటి పెట్టి పంపిస్తాను. ఒక్కడే అన్నీ తెస్తే కస్టమ్స్‌వాళ్ళు ఊరుకోరు. నువ్వు అన్నీ ఒకచోట చేర్చి ఆ కేబుల్ ఖాదరన్న మేడ మీదే పెట్టించు. ఊళ్ళో మూడంతస్తుల మేడ అదొక్కటే. పైన పెద్ద యాంటెన్నా, చుట్టూ డబ్బాలు, ఖలాస్. లైను కోసం పోటీలో ఉన్నా ఖాదరన్న మనవాడే, కాదనడు.

తమ్ముడు
అమీర్ జాన్

---

నల్లగుట్టపేట, కడప జిల్లా
మే 27, 2006

తమ్ముడు అమీర్ జాన్‌కు, దీవెనలు.

అమ్మ నొప్పి అలాగే ఉంది, బావ చిరాకు పెరిగింది. నీ పొట్టేలు పిల్లలు క్షేమంగా చేరాయి. ఎవరి కార్టన్లో వచ్చింది వాళ్ళింట్లో క్షేమంగా ఉంది.

కొన్ని సందేహాలు అడుగుతాను, ఎందుకు అని మాత్రం అడక్కు. ఆ డబ్బా మీద లేసు గుడ్డ కప్పితే పాడవుతుందా? దాన్ని గాజు తలుపుల బీరువాలో, ట్యాంగ్ సీసాకూ టీ కప్పుల సెట్టుకూ మధ్యన పెడితే ఏమైనా అవుతుందా? దాని కొమ్ములకు ప్లాస్టిక్ గులాబీలు గుచ్చితే తర్వాత తీసేయొచ్చా? తెలుసుకుందామని.

ఇక ఖాదర్ మేడ సంగతి. అది మూడంతస్తులే, కాదనను. కాని కింద వీడియో గేముల దుకాణం, ముందు బీడీలు కాల్చే గుంపు. ఆ పైన నెట్ సెంటర్ పెడితే మన వీధిలో ఏ తండ్రి కూతుర్ని పంపుతాడో నువ్వే చెప్పు. ఇమామ్ హుస్సేన్ కూతురు ఫర్జానా నీకు గుర్తుందా? టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు నెట్టులోనే పెట్టాలన్నారు. రాయచోటికి పోవాలి. వాళ్ళ నాయన ఈ రోజు రేపు అంటూ తీసుకుపోలేదు, గడువు దాటిపోయింది. ఆ పిల్ల నా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, నెట్టు లేని కంప్యూటరు ముందు కూర్చుని ఏడ్చింది. నాకేం చేయాలో తోచక టీ పెట్టిచ్చాను.

టైపు మిషన్లు నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. రెండు కంప్యూటర్లు కొన్నాను, వాటిలో పిల్లలు బొమ్మలు గీస్తున్నారు. నెట్టు మన వీధిలోకి వస్తే ఆడపిల్లలందరూ ఇక్కడికే వస్తారు. అది ఖాదర్ చేతికి పోతే ఇన్‌స్టిట్యూట్‌కు నేను తాళం వేసుకోవలసిందే. మేడ కాకుండా వేరే దారి చూడు.

అక్క
పర్వీన్

---

అజ్మాన్
జూన్ 9, 2006

అక్కా, సలాం.

లేసు గుడ్డ ఏమిటి? ట్యాంగ్ సీసా ఏమిటి? కొమ్ములకు గులాబీలేమిటి? నేను పంపింది పెళ్ళికూతురినా, డబ్బానా? నా దగ్గర దాచకు. చిన్నప్పుడు బెల్లం తిని మూతి తుడుచుకుని అమ్మ ముందుకొచ్చేదానివి చూడు, నీ ఉత్తరం అచ్చం అలాగే ఉంది. డబ్బాలు ఎక్కడున్నాయి?

మేడ గురించి నీది మొండిపట్టు. సిగ్నల్‌కు ఎత్తు కావాలి, అది ఖాదరన్న దగ్గర ఉంది. ఆడపిల్లల కోసం పక్కన వేరే మెట్లు కట్టించమని చెబుదాం. పండగ ఎంతో దూరం లేదు. అక్కడ కూర్చుని వంకలు పెట్టడం తేలిక. నలభై అయిదు డిగ్రీల ఎండలో హోటల్ మిద్దెల మీద పాకేవాడికి తెలుస్తుంది పని ఎలా అవుతుందో. ఖాదరన్నతో ఒప్పందం చేసుకో. నా మాట విను.

అమీర్ జాన్

---

నల్లగుట్టపేట
జూన్ 28, 2006

అమీర్ జాన్,

ఈసారి సలామూ దీవెనా రెండూ లేవు. కోపంగా ఉన్నాను. ఎందుకో చివర చెబుతాను, ముందు నీ డబ్బాల సంగతి విను.

ఒక్కటి కూడా నా దగ్గర లేదు. దుబాయ్ పెట్టె విప్పేటప్పుడు మనవాళ్ళ ఇళ్ళలో ఎలా ఉంటుందో నువ్వే మరిచిపోయావు. వీధంతా చుట్టూ కూర్చుంటుంది. కార్టన్ మీద ఎవరి పేరుంటే అందులోంచి వచ్చిన ప్రతి వస్తువూ ఆ ఇంటిది. సబ్బు దగ్గర్నుంచి దుప్పటి దాకా ఒక్కొక్కటీ పైకి తీసి, ఇది ఎవరికి అది ఎవరికి అని పంచుతారు. ఆ మధ్యలో నీ నీలం డబ్బా బయటికొచ్చింది. "ఇదేందిరా?" అని అడిగితే తెచ్చినవాడు, "నెట్టు డబ్బా మా, ఊరికంతా వస్తాది" అన్నాడట. ఇంకేముంది! ఇంటికొక నెట్టు డబ్బా వచ్చిందని సంబరపడి షోకేసులో పెట్టుకున్నారు. గుల్జార్ బేగం తన డబ్బాను మెయిన్ రోడ్డులో ఉన్న కూతురి అత్తగారింటికి ఈద్ కానుకగా ముందే ఇచ్చేసింది. గులాబీలు గుచ్చింది వాళ్ళే.

నేనెలా అడగను? దుబాయ్ నుంచి కొడుకు తెచ్చినదాన్ని, తమ్ముడు పంపినదాన్ని, "పొరపాటున వచ్చింది, ఇటివ్వండి" అని ఏ మొహం పెట్టుకుని అడగాలి? అది ఇచ్చేయకముందు ఒక్కసారి గుల్జార్ ఇంటి గడప దాకా పోయాను. "చూడు పర్వీనక్కా, మా వాడు ఎంత మంచిది పంపినాడో" అని చూపించింది. బాగుందని చెప్పి కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు కోపం సంగతి. నీ మాట విని ఖాదర్ మేడ చూడ్డానికి పోయాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీ తమ్ముడు వచ్చి నా దగ్గర మేనేజరుగా కూర్చుంటాండాడు గదమ్మా, ఇంక నీదీ నాదీ అని వేరే యాడుంది? సంఘం గింఘం అని ఎందుకు తిరుగుతాండావు?" అన్నాడు. ఆ మేడ మీద నీకంత ప్రేమ ఎందుకో అప్పుడర్థమైంది.

ఊరిదాన్ని ఊరికి తెమ్మని తమ్ముణ్ణి అడిగాను. వాడు దాన్ని తన కుర్చీ కింద పెట్టుకోవాలని చూశాడు. ఇంకేం రాయను.

పర్వీన్

---

అజ్మాన్
జూలై 14, 2006

అక్కా,

నువ్వు రాసింది నిజం. ఖాదరన్న ఫోన్ చేసి అడిగాడు, నేను సరే అన్నాను. నీకు చెప్పలేదు. చెబితే వద్దంటావని తెలుసు.

నాకు ఇంటికి రావాలని ఉంది అక్కా. ఏడేళ్ళుగా ఒక గదిలో ఎనిమిది మందిమి ఒకదాని మీద ఒకటి పేర్చిన మంచాల్లో పడుకుంటున్నాం. పొద్దంతా ఎవరెవరి గదుల్లోనో నెట్టు బిగిస్తాను. నేను నిచ్చెన దిగకముందే వాళ్ళు వాళ్ళ పిల్లలతో మాట్లాడుకోవడం మొదలుపెడతారు. నేను సంచీ సర్దుకుని వచ్చేస్తాను. ఊళ్ళో ఏదో ఒక ఉద్యోగం ఉంటే చాలు, వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు తీసుకుని వచ్చేయాలనిపించింది. ఖాదరన్న అడిగాడు, నేను ఆశపడ్డాను. మొన్న నీ ఉత్తరం చదివి ఆయనకు ఫోన్ చేశాను. కుర్చీ వద్దని చెప్పాను. ఆయన తిట్టాడు, నేనూ తిట్టాను. మేడ లేదు ఇక.

ఇప్పుడు పని సంగతి. నీ ఉత్తరం చదివి డబ్బాల గురించి ముందు తల పట్టుకున్నాను. తప్పు నాదే, కార్టన్లో సందు కనబడితే దూర్చాను గాని ఎవరికీ వివరంగా చెప్పలేదు. తర్వాత గదిలో కూర్చుని, ఎవరెవరి కార్టన్లో పంపానో వాళ్ళ ఇళ్ళన్నీ గుర్తు చేసుకుంటూ అట్టముక్క మీద గీశాను. గీస్తూ గీస్తూ నవ్వొచ్చింది. ఎక్స్ఛేంజి పక్కన ఒకటి, మెయిన్ రోడ్డులో మూడు, మసీదు వీధిలో అయిదారు, మిట్ట మీద నూర్ మొహమ్మద్‌వాళ్ళ ఇల్లు, దాని తర్వాత వరసగా మన దూదేకుల వీధి దాకా. ఊరంతా పరుచుకుని ఉన్నాయి అక్కా!

వాటిని కదిలించకు. ఎవర్నీ ఏమీ అడగకు. స్లాబు వేసేటప్పుడు కూలీలు సిమెంటు బొచ్చెలు చేతి నుంచి చేతికి అందించుకుంటారు చూడు, ఈ డబ్బాలతోనూ అలాగే చేయించవచ్చు. ఒక డబ్బా పక్కింటి డబ్బాకు, అది ఆ పక్కదానికి అందిస్తుంది. మేడ అక్కర్లేదు, యాంటెన్నా అక్కర్లేదు. లోపలున్న ప్రోగ్రాం మాత్రం మార్చాలి. సీడీ పంపిస్తున్నాను, ఏ బటను తర్వాత ఏ బటను నొక్కాలో అంతా రాశాను. డబ్బాలు ఇల్లు కదలవు కాబట్టి నీ కంప్యూటరే వాటి దగ్గరికి పోవాలి. తర్వాత వాటిని షోకేసులోంచి కిటికీ దగ్గరికి జరపమను.

మా గదిలో వంట వంతుల మీద నడుస్తుంది. వారానికొకడు చూసుకుంటాడు, ఎవడూ యజమాని కాదు, ఎవడూ పస్తుండడు. మీరూ అలాగే డబ్బాలు చూసుకోవడానికి వీధికొక వంతు పెట్టుకోండి.

కోపం తగ్గితే రాయి. తగ్గకపోయినా రాయి.

తమ్ముడు
అమీర్ జాన్

---

నల్లగుట్టపేట
ఆగస్టు 29, 2006

తమ్ముడు అమీర్ జాన్‌కు దీవెనలు. (తగ్గింది.)

నీకు రావాలని ఉంటే ముందు నాకు చెప్పాలి గాని ఖాదర్‌కా చెప్పేది? అమ్మకు చదివి వినిపించాను. "వాడు ఒంటరిగా ఉండాడు గదా అమ్మీ" అని కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను. సరే, అది పక్కన పెట్టు.

మన పరుపుల బండి ఉంది కదా, దాని మీద కంప్యూటరు ఎక్కించాం. కింద దూది పరుపు, పైన మానిటరు, దాని పైన గొడుగు. బావే తోశాడు. చిరాకు పడుతూనే తోశాడు గాని రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు బండి దగ్గర నిలబడేది ఆయనే. ఇల్లిల్లూ తిరిగాం. మొదటి రెండిళ్ళలో నువ్వు రాసిన కాగితం చెమటకు తడిసిపోయింది. తర్వాత నిద్రలో లేపినా చేసేంతగా వచ్చేసింది. ఇంట్లోవాళ్ళ సంతోషం చూడాలి నువ్వు. షోకేసులో ఊరికే కూర్చున్నది మిణుకు మిణుకుమని దీపం వెలిగించేసరికి గుల్జార్ కూతురి అత్తగారు దిష్టి తీసింది. గులాబీలు తీయించడానికే గంట పట్టింది.

ఖాదర్‌కు సంగతి తెలిసింది. ఇంటింటికీ మనుషుల్ని పంపాడు. డబ్బా ఇస్తే ఏడాది కేబుల్ ఉచితమన్నాడు. ఏడాది పొడుగునా ఉచితంగా సీరియళ్ళు వస్తాయంటే ఎవరైనా ఊరుకుంటారా? ఊరుకున్నారు తమ్ముడూ! గుల్జార్ నడివీధిలో నిలబడి, "మా తమ్ముడు పంపింది బేరం పెడతాండావా ఖాదరన్నా? నీ చెల్లెలికి నువ్విచ్చిన గాజులు నేనట్ల అడిగితే ఇస్తాదా?" అని అరిచిందట. ఆ మాట మసీదు దాకా వినబడింది. ఒక్క ఇంటివాళ్ళూ ఇవ్వలేదు. అదే డబ్బాలన్నీ ఆయన మేడ మీద ఉండుంటే ఒక్క తాళంతో పోయేవి. ఇన్ని ఇళ్ళలో ఇంతమంది కానుకల్ని ఎలా కొంటాడు?

ఇక చెడ్డ కబురు. ఎక్స్ఛేంజి నుంచి మిట్ట దాకా నెట్టు వచ్చింది. మిట్టకు ఇవతల మన వీధిలోనూ డబ్బాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. మధ్యలో నూర్ మొహమ్మద్‌వాళ్ళ ఇంటి దగ్గర ఒక్కచోటే తెగింది. వాళ్ళమ్మ రహీమాబీ చిన్నమ్మ డబ్బాను కవరు కూడా విప్పనివ్వడం లేదు. "నా బిడ్డ పంపినది. కరెంటుకు పెట్టి కాల్చుకుంటానా?" అంటుంది. ఖాదర్ మనుషులు వస్తే చెప్పు తీసిందట. మేం పోతే టీ ఇస్తుంది. వాళ్ళకీ మాకూ తేడా అంతే, డబ్బా మాత్రం ఇద్దరికీ అందదు. వేరే డబ్బా తెచ్చి మీ ఇంట్లో పెడతామంటే, "నా ఇంట్లో నా కొడుకు పంపినవే ఉంటాయి" అంది. ఆ మిట్టకు బదులు వేరే ఇల్లు లేదు, అన్నీ పల్లంలో ఉన్నాయి.

వచ్చే నెలాఖరులో రంజాన్ నెల మొదలవుతుంది. పండగ ముందు శుక్రవారం టెలిఫోన్ ఆఫీసరు వచ్చి చూస్తానన్నాడు. కడపటి ఇల్లు నా ఇన్‌స్టిట్యూటే, అక్కడ పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఖాదర్‌దే. ఫర్జానా రోజూ వచ్చి అడుగుతోంది, ఆ పిల్లకు రెండో ఏడాది కూడా పోతే వాళ్ళ నాయన పెళ్ళి చేసేస్తాడు. నాకు భయంగా ఉంది.

అక్క
పర్వీన్

---

అజ్మాన్
సెప్టెంబర్ 16, 2006

అక్కా, సలాం.

నిన్న శుక్రవారం ముసఫ్ఫా పోయొచ్చాను. అజ్మాన్ నుంచి అబుదాబి, అక్కడి నుంచి ఐకాడ్ ఇండస్ట్రియల్ ఏరియా. ఫ్యాక్టరీల వెనక క్యాంపుల్లో నూర్ మొహమ్మద్‌ను వెతికి పట్టుకునేసరికి జుమ్మా నమాజు అయిపోయింది. వాడు లుంగీ కట్టుకుని బట్టలు ఆరేస్తున్నాడు. సంగతి చెబితే బకెట్టు పక్కన కూలబడి నవ్వాడు.

"ఒరే అమీరూ, మా అమ్మ ఇంతేరా. నేను మొదటేడు పంపిన దుప్పటి ఇంకా కవరు విప్పలే. చలికాలంలో పాత బొంత కప్పుకుంటాది, దుప్పటి బీరువాలో పడుకోనుంటాది. అడిగితే 'నువ్వొచ్చినప్పుడు విప్పుదాంలే' అంటాది" అన్నాడు. అలా నవ్వుతూనే వాడు మొహం తిప్పుకున్నాడు.

ఫోన్ చేయించి చెప్పిద్దామన్నాను. "చెబితే వినదురా, ఆమెకు మాటలు కాదు, వస్తువు రావల్ల. మేమిక్కడ అందరం చేసేదే చేస్తా. ఇంటికి టార్చిలైటు పంపితే రెండు పంపుతాం గదా, ఒకటి దాచుకునేదానికి, ఒకటి వాడుకునేదానికి. డబ్బా ఇంకోటి ఉందా?" అన్నాడు.

ఉంది. షార్జా డబ్బాల్లో ఒకటి నా కోసం అట్టిపెట్టుకున్నాను, ఎప్పటికైనా సొంత గది తీసుకుంటే పెట్టుకుందామని. సంచీలోంచి తీసి వాడి చేతిలో పెట్టాను. ప్రోగ్రాం ఇక్కడే మార్చేశాను, అక్కడ కరెంటుకు పెడితే చాలు. బనియాస్‌లో పనిచేసే అర్షద్ వచ్చే వారం ఊరికొస్తున్నాడు. వాడి కార్టన్లో కాకుండా విడిగా ఒక చిన్న కార్టన్ కట్టాం. దాని మీద నూర్ మొహమ్మద్ తన చేత్తోనే "రహీమాబీ, మిట్ట ఇల్లు" అని పెద్దగా రాశాడు. నేను రాస్తానంటే తోసేశాడు. అర్షద్‌కు ఏం చెప్పాలో కూడా వాడే నేర్పాడు.

అక్కా, ఇది తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. ఇది పనిచేయకపోతే నేనిక్కడి నుంచి చేయగలిగింది దువా ఒక్కటే.

అమీర్ జాన్

---

నల్లగుట్టపేట
అక్టోబర్ 20, 2006, శుక్రవారం

తమ్ముడు అమీర్ జాన్‌కు,

ఇది కాగితం కాదు, చూశావు కదా. నా ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని తెలుగులో టైపు చేస్తున్నాను. చుట్టూ వీధి వీధంతా నిలబడి ఉంది. గుల్జార్ నా భుజం మీద గడ్డం పెట్టి ప్రతి అక్షరం చదువుతోంది, కాబట్టి ఆమె గురించి మంచే రాస్తాను.

అర్షద్ వచ్చాడు. రహీమాబీ చిన్నమ్మ ముందు కార్టన్ పెట్టి, నూర్ మొహమ్మద్ నేర్పినట్టే, "చిన్నమ్మా, అది చూసుకునేదానికి, ఇది వాడుకునేదానికి. వాడకపోతే నీ కొడుకు బాధపడతాడు" అన్నాడు. ఆమె కార్టన్ మీది పేరును చేత్తో తడిమింది. చదువు రాదు, అయినా అది కొడుకు రాతేనని ఎలాగో తెలిసింది. పాత డబ్బా పక్కన కొత్తది పెట్టి రెండూ ఒకటేనా కాదా అని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "పెట్టండిమ్మా, నా చిన్నోడు చెప్పినాక తప్పుతుందా" అంది. కిటికీలో పెట్టాం. దీపం వెలిగింది. మన వీధిలో ఉన్నవాళ్ళు కేకలు వేయడం మిట్ట మీదికి వినబడింది.

ఈ రోజు ఆఫీసరు వచ్చాడు. ఖాదర్ ముందే చేరి, "సార్, వీళ్ళకు ఆఫీసు లేదు, బిల్డింగు లేదు, షోకేసుల్లో పెట్టుకుని ఇంటర్నెట్టు అంటాండారు" అన్నాడు. ఆఫీసరు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "మా ఆఫీసు చూపిస్తాను, రండి సార్" అని ఎక్స్ఛేంజి పక్కింటి నుంచి మొదలుపెట్టాను. ఇంటింటికీ తీసుకుపోయాను. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళే చెప్పారు, డబ్బా ఏది, వంతు ఎవరిది, కరెంటు పోతే స్కూటరు బ్యాటరీ ఎలా కలపాలి. రహీమాబీ చిన్నమ్మ ఆయన్ను చెప్పులు విప్పి లోపలికి రమ్మంది. ఉపవాసంలో ఉండి కూడా ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎక్కడైనా చూడండి సార్, ఏ పేజీ కావాలంటే ఆ పేజీ" అన్నాను. "నేను కాదమ్మా, ఎవరికి అవసరమో వాళ్ళు తెరవాలి" అన్నాడు. ఫర్జానాను కూర్చోబెట్టాను. టీచర్ ట్రైనింగ్ పేజీ తెరుచుకుంది. ఆ పిల్ల పేరు కొట్టింది, ఊరు కొట్టింది. వెనక నిలబడ్డ ఇమామ్ హుస్సేన్ వంగి చూసి, "మన ఊరి పేరు కూడా వస్తాదా దాంట్లో?" అన్నాడు. ఆఫీసరు అక్కడే సంతకం పెట్టాడు. లైను ఊరిదే!

అందరం అరిచాం, నేనైతే చిన్నపిల్లలా గంతులేశాను. బావ బండి గంట కొడుతూనే ఉన్నాడు. ఖాదర్ వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు ఆయన భార్య వచ్చి, మా ఇంటికీ ఒకటి వస్తుందా అని మెల్లగా అడిగింది. వాళ్ళకు దుబాయ్‌లో ఎవరూ లేరు. మిట్ట మీది దాచిన డబ్బా రహీమాబీ చిన్నమ్మ ఇవ్వదు గనక, వచ్చే సెలవుకు వచ్చేవాళ్ళు ఎవరైనా ఆమె పేరున తెస్తారని మాట ఇచ్చాం. వంతు మాత్రం అందరిలాగే తీసుకోవాలన్నాం, ఒప్పుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. సంఘంలో ఆడవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఈ డబ్బాలన్నీ ఎవరి తమ్ముడో, ఎవరి కొడుకో పంపినవి. చెడిపోతే చూడ్డానికి ఊళ్ళో ఒక తమ్ముడు కావాలన్నారు. మేనేజరు ఉద్యోగం మా దగ్గర లేదు, కుర్చీ అసలే లేదు. జీతం నీకక్కడ వచ్చేదాంట్లో సగం కూడా రాదు. ఇళ్ళన్నీ నీ ఇళ్ళే, అన్నం మాత్రం ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. వస్తావా?

అక్క
పర్వీన్

---

అజ్మాన్
అదే రోజు రాత్రి

అక్కా,

నెట్ కేఫ్‌లో కూర్చుని ఉన్నాను. నీ ఉత్తరం తెరిచి, "చుట్టూ వీధి వీధంతా నిలబడి ఉంది" అన్న దగ్గరే ఏడుపొచ్చేసింది, మిగతాది తుడుచుకుంటూ చదివాను. పక్క కుర్చీలో ఉన్న మలయాళీ అన్న కంగారుపడి, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని హిందీలో అడిగాడు.

"నహీ భాయ్, మేరా గావ్ ఆ గయా" అన్నాను, మా ఊరే వచ్చేసిందని.

ఆయనకేం అర్థమైందో తెలియదు, తన టీ కప్పు నా వైపు జరిపాడు. రేపు ముదీర్‌తో మాట్లాడతాను, కఫీల్ దగ్గర పాస్‌పోర్టు అడుగుతాను. వాళ్ళు ఏమన్నా అననీ. అమ్మకు చెప్పు, వస్తున్నానని.

తమ్ముడు
అమీర్ జాన్